చిలక ముక్కున్న నెమలి మంచం

పోయిన ఆదివారం మా కోడలు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "మామా, జెర జూడుండ్రి. పాత మంచం అమ్మకానికి పెట్టిండ్రు, మంచిగ కనవడ్తున్నది. మీరు మంచాల పనే జేసిండ్రు గదా" అంది. చూశాను. డబుల్ మంచం, తలవైపు చెక్క మీద ఎదురెదురుగా రెండు నెమళ్లు. అందులో ఒక నెమలి ముక్కు కిందికి వంకర తిరిగి అచ్చం చిలక ముక్కులా ఉంది. ఆ ముక్కు కనపడగానే నా వీపంతా దురద పుట్టింది. "వద్దమ్మా" అన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను. నాది అయిదో తరగతి చదువు, రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో మా బావకు, అంటే అక్క భర్తకు, పాత ఫర్నిచర్ దుకాణం ఉండేది. నేను పెళ్లాంబిడ్డల్ని ఊళ్లో వదిలి వాళ్లింట్లోనే తింటూ, పడుకుంటూ, విరిగినవి అతికించి పాలిష్ పెట్టేవాణ్ణి. మొదట్లో మాకు వచ్చే సామానంతా రిటైరయ్యే రైల్వేవాళ్లది, బదిలీ అయిపోయే మిలిటరీవాళ్లది. ఆ కుర్చీలు మోస్తే నడుం పడిపోయేది గాని, తుడిస్తే అద్దంలా మెరిసేవి. తర్వాత సాఫ్ట్‌వేర్ రోజులు వచ్చాయి. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండేవాళ్లు. ఆర్నెల్లకో ఉద్యోగం, ఏడాదికో ఊరు. రేపు బెంగళూరు రైలెక్కాలంటే ఈరోజు మంచం వదిలించుకోవాలి. వాళ్ల సామాను తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు. టేబుల్ కింద చేయి పెడితే నమిలి అంటించిన బబుల్‌గమ్. పరుపు మీద ఏమిటో తెలియని మరకలు. ఒక సొరుగులోనైతే కత్తిరించిన గోళ్లు, ఎవరో దాచిపెట్టుకున్నట్టు, చిన్న కుప్ప. అంత చదువుకున్న గోళ్లు అవి!

బావకు కంప్యూటర్ తెలియదు. కాని ఇంటర్నెట్‌లో పెట్టి అమ్మితే దుకాణంలో కంటే బేరం తొందరగా తెగుతుందని ఎవరో చెప్పారు. సందు మొదట్లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆయనతో ప్రకటన పెట్టించేవాడు. దుకాణం అని రాస్తే ఎవరూ రారు కదా, "ఫ్యామిలీ ఊరు మారుతున్నది, అర్జెంటు" అని రాయించేవాడు. అందుకోసం దుకాణంలోని మంచాన్ని మోసుకెళ్లి అక్క ముందుగదిలో వేయాలి. దాని మీద అక్క పెళ్లినాటి పూల దుప్పటి పరిచి, పక్కన స్టూలు మీద రెండు కప్పులు పెట్టి ఫోటో తీయాలి. కొనేవాళ్లు వచ్చినప్పుడు అక్క చాయ్ ఇచ్చి, "పోవుడు ఇష్టమే లేదు, ఏం జేస్తం, ఈయనకు బెంగుళూర్ల నౌక్రీ అయింది" అనాలి. అక్క ప్రతి ఆదివారం బెంగళూరు పోయేది. నిజానికి ఆమె కాజీపేట దాటి ఎరగదు.

ఈ నెమళ్ల మంచం ఒక హాస్టల్ మూతపడితే వచ్చింది. ఒక నెమలి ముక్కు విరిగిపోతే వేరే చెక్క నుంచి చెక్కి అతికించాను. నాకొచ్చిన పనితనానికి అది చిలకైంది. బావ నవ్వాడు గాని పరవాలేదన్నాడు. బిగింపులు విప్పి చూస్తే సందుసందునా నల్లులు, గుడ్లతో సహా. వేలితో ఒకటి నలిపితే ఆ వాసన సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. పెరట్లో పొయ్యి మీద నీళ్ల డేగిశా పెట్టాను, మరిగించి పోద్దామని. బావ వచ్చి పొయ్యి ఆర్పేశాడు.

"పాగల్ అయినవా ఏందిరా? నల్లిని సంపకు. ఆ మంచాన్ని మల్ల మనింటికి తోల్కొచ్చేది అదే."

నాకు అర్థమవడానికి కాసేపు పట్టింది. కొన్నవాళ్లు మూడు నెలలు కూడా పడుకోలేరు. తీసేద్దామంటే ఎవరూ తీసుకోరు. చివరికి ప్రకటనలోని నంబరుకే ఫోన్ చేస్తారు. అప్పుడు బావ, బెంగళూరు ప్రయాణం ఆగిపోయిందని చెప్పి వెళ్లి, ముక్కు మూసుకుని, ఏదో ఉపకారం చేస్తున్నట్టు ఊరికే ఎత్తుకొచ్చేస్తాడు. మళ్లీ పాలిష్, మళ్లీ పూల దుప్పటి. ఒక్క మంచాన్ని అప్పటికే అట్లా నాలుగు ఇళ్లు తిప్పాడట. ఆ మాట చెబుతూ మీసం దువ్వుకున్నాడు. రాత్రికి అదే ఇంట్లో అన్నం తినాలి కాబట్టి, నల్లులతో సహా బిగింపులు మళ్లీ బిగించేశాను.

ఆ మంచం చూడటానికి ఒక జంట వచ్చింది. విజయనగరం వైపు వాళ్లు, భర్తకు బేగంపేటలో ఆఫీసు. ఆమె చంకలో మూడు నెలల పిల్లవాడు. బావ, అక్క చెప్పేవన్నీ విని, ఆమె వాళ్లను వదిలేసి నా వైపు తిరిగింది. పనివాడు అబద్ధం చెప్పడనుకుందేమో.

"అన్నయ్యా, నల్లులు గట్రా ఏటీ లేవు కదా? బాబుని దీని మీదే పడుకోబెట్టాలి."

బావ నా వైపు చూశాడు. "లేవమ్మా" అన్నాను. దమ్ము తీసుకున్నంత సేపు కూడా ఆలోచించలేదు.

రెండు నెలలకే ఆ మంచంతో ఒక ఆటో ట్రాలీ మా సందులోకి వచ్చింది. ఫోన్ చేస్తే బావ పోయి తెచ్చేవాడే, కాని ఆ పిల్లవాడి తల్లి తనే తెచ్చింది. బెంగళూరు పోవాల్సిన ఫ్యామిలీ యజమాని అక్కడే, దుకాణం ముందు కూర్చుని పల్లీలు తింటూ దొరికాడు. ఆమె బావను పల్లెత్తు మాట అనలేదు. నా దగ్గరికి వచ్చి పిల్లవాడి చొక్కా పైకెత్తింది. చిన్న వీపు, అరచేయంత ఉంటుంది. దాని మీద వరసగా ఎర్రటి దద్దుర్లు.

"నీ మాట మీదే కొన్నాం అన్నయ్యా" అంది. అంతే, వెళ్లిపోయింది.

బావ మాత్రం "సూశినవా, నే జెప్పలే? ఇంటికాడికే వచ్చింది" అని మంచాన్ని ముందుగదిలోకి మోయమన్నాడు. నేను కదల్లేదు. అప్పుడు అక్క బయటికి వచ్చింది. చేతులు చూస్తే మోచేతుల దాకా గీరుకున్న గాట్లు. ఫోటోల కోసం ఆమె పడుకునే ముందుగదిలోకి మోసిన ప్రతి మంచమూ ఆమెకు కొన్ని నల్లుల్ని వదిలిపోయింది. అవి గోడ పగుళ్లలో, పెళ్లినాటి దుప్పటి మడతల్లో కాపురం పెట్టాయి. ఇన్నాళ్లూ బావకు భయపడి చెప్పలేదు.

"ఏందే, గిట్ల నిలవడ్డవ్? చాయ్ వెట్టు పో" అన్నాడు బావ.

"చాయ్ కాదు, నీళ్లు వెడ్త" అంది అక్క. డేగిశా తనే పొయ్యి మీదికి ఎత్తింది. మంచం పెరట్లోకి లాగి, బిగింపులు విప్పి, కుతకుతలాడే నీళ్లు నేనూ అక్కా మార్చి మార్చి పోశాం. సందుల్లోంచి నల్లగా తేలి వచ్చాయి. ఆ కంపుకు ఇద్దరమూ వాంతి చేసుకున్నాం. అక్క తన పూల దుప్పటి కూడా తెచ్చి ఆ డేగిశాలోనే ముంచింది. రంగంతా పోయింది. "దందా ఖరాబ్ జేసిండ్రు గదరా" అని బావ నెత్తి కొట్టుకున్నాడు. ఆ సాయంత్రమే నేను ఆ ఇంటి నుంచి బయటపడ్డాను. మంచం మళ్లీ అమ్ముడుపోయిందనీ, ఈసారి తిరిగి రాలేదనీ అక్క తర్వాతెప్పుడో చెప్పింది.

కోడలు ఊరుకోలేదు. ఫోటో కింద ఉన్న నంబరుకు ఫోన్ కలిపి, నేను వినేలా పెట్టి, "నల్లులు గిట్ట ఉన్నయా అమ్మా?" అని అడిగింది. అవతల ఎవరో ఆడమనిషి, "ఛీ ఛీ, లేవండీ" అంది, దమ్ము తీసుకున్నంత సేపు కూడా ఆలోచించకుండా. నిజమే అయ్యుంటుంది. వాటిని చంపింది నా చేతులే. అయినా వద్దనే అన్నాను.

ఆ పిల్లవాడు ఇప్పుడు కాలేజీకి పోతూ ఉంటాడు. ఆ దద్దుర్లు వారంలోనే మానిపోయి ఉంటాయి, వాడికి ఆ సంగతే తెలిసుండదు. ఇన్నేళ్లు గడిచినా దురద మాత్రం నా వీపు మీదే ఉండిపోయింది.