పొగ అలారానికి షవర్ క్యాప్

పట్టపగలు, ఫ్లోరిడా సముద్రపు ఒడ్డున, పసుపు మరకల కుర్తాతో, చేతిలో గరిటతో నేను ఫైరింజన్‌కి ఎదురెళ్ళిన ఘనకార్యం చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. అప్పుడూ అందరూ నవ్వారు, నేను తప్ప.

మాది మహబూబ్‌నగర్. ఒకేచోట ఎక్కువ నీళ్ళు నేను చూసింది ట్యాంకర్‌లోనే. పెళ్ళయి అమెరికాలో అల్ఫారెట్టా వచ్చాక, నా వీసా మీద ఉద్యోగం చేయకూడదన్నారు. వంట చేయడానికి మాత్రం ఏ వీసా అక్కర్లేదట! అందుకే లాంగ్ వీకెండ్‌కి మూడు కుటుంబాలం కలిసి బీచ్ హౌస్ బుక్ చేశామని మా ఆయన శ్రీధర్ చెప్పగానే ఎగిరి గంతేశాను. సముద్రంలో మోకాళ్ళ దాకా దిగి కాసేపు నిలబడాలి. నా కోరికల్లా అదే.

ట్రిప్‌కి పెద్ద లావణ్యక్క, గుంటూరు మనిషి. ఆవిడ ఆజ్ఞ ప్రకారం కారులో బట్టలకంటే ముందు రైస్ కుక్కర్, మిక్సీ, ఇడ్లీ పాత్ర ఎక్కాయి.

"బయటి తిండి మనవాళ్ళకి పడదు కదమ్మా. తలా ఓ చెయ్యి వేద్దాం" అంది.

మిగతా చేతులు ఎటు పోయాయో నాకిప్పటికీ తెలీదు. దిగిన సాయంత్రం ఉప్మా ఎవరు చేస్తారనేసరికి అందరూ ఫోన్లలోకి దూరిపోయారు. నేనేమో, బుద్ధిలేనిదాన్ని, "నేను చేస్తలే అక్కా" అన్నాను.

పోపు పెట్టే ముందు, మా అపార్ట్‌మెంట్‌లో చేసే పనే అక్కడా చేశాను. కుర్చీ ఎక్కి, కిచెన్‌లో ఉన్న పొగ అలారం పోపుకి అరవకుండా దానికి ఒక షవర్ క్యాప్ తొడిగాను.

"నీ తెలివే తెలివి!" అన్నాడు శ్రీధర్.

"నీ చేతిలో ఏం మహిమ ఉందే స్వప్నా!" అంది లావణ్యక్క, రెండోసారి ఉప్మా పెట్టించుకుంటూ.

పొంగిపోయాను. మీరైతే పొంగరా? అంతే, గరిట నా చేతికి అతుక్కుపోయింది.

మర్నాడు పొద్దున్నుంచీ ఒకటే వరస. "చెల్లెమ్మా, కాస్త టీ" అని లావణ్యక్క భర్త రాజేష్ అన్నయ్య, పేకముక్కల మీంచి తలెత్తకుండా. "ఆంటీ, ఇంకో పూరీ!" అని పిల్లలు. సింక్ మీది కిటికీలోంచి బెత్తెడు సముద్రం కనబడుతోంది. గిన్నెలు తోముతూ దాన్నే చూశాను.

"ఏమండీ, నేనొక్కసారి పోయొస్త."

"ఒక్కదానివే ఏం పోతవ్? తిన్నాక అందరం కలిసి పోదాం."

తిన్నాక అందరూ కలిసి నిద్రపోయారు. లేచాక పకోడీలు అడిగారు.

ఆఖరి రోజు ఇల్లు ఖాళీ చేసేముందు తీసుకెళ్తానని శ్రీధర్ చేత ఒట్టు వేయించుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నానండీ!

"స్వప్నా, దారిలోకి కాస్త పులిహోర కలిపేయవూ? నువ్వు కలిపితేనే పులిహోర" అంది లావణ్యక్క.

"మేం పోతుంటం. అయిదు నిమిషాల్ల నువ్వు వచ్చెయ్" అన్నాడు ఒట్టేసిన మొగుడు.

మేడ మీద గురక పెడుతున్న రాజేష్ అన్నయ్య తప్ప అందరూ వెళ్ళిపోయారు. నూనె కాగుతోంది. కిటికీలోంచి చూస్తే అందరూ నీళ్ళలో చేతులు పట్టుకుని ఫోటో దిగుతున్నారు. నా కోసం ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఒళ్ళు మండిపోయింది. గుప్పెడు ఎండుమిరపకాయలు నూనెలోకి విసిరికొట్టి, మళ్ళీ కిటికీకే అతుక్కుపోయాను.

మిరపకాయలు మాడి బొగ్గయ్యాయి. క్యాప్ కింది అలారం కిక్కురుమంటేగా! మేడ మీద క్యాప్ లేనిది ఇంకొకటుందని నాకేం తెలుసు? ఘాటు అక్కడికి చేరేసరికి అది ఇల్లదిరేలా కెవ్వుమంది. రాజేష్ అన్నయ్య లుంగీ పట్టుకుని దగ్గుతూ మెట్లు దిగి ఉరికాడు.

"ఏం తగలబెట్టావమ్మా?"

"పోపు, అన్నయ్యా!"

అలారం మోగితే ఫైర్ స్టేషన్‌కి దానంతటదే కబురు వెళ్తుందట, ఫైరింజన్ రానే వచ్చింది. చేతిలో గరిటతోనే ఎదురెళ్ళాను. హెల్మెట్ పెట్టుకున్న ఒకావిడ నన్ను చూసి, "ఇంటికి దూరంగా వెళ్ళండి. అదిగో, నీళ్ళ వైపు" అని చెయ్యి చూపించింది.

వెళ్ళాను. మావాళ్ళంతా ఎదురుగా పరుగెత్తుకొస్తున్నారు.

"పులిహోర ఏమైందే?" అని లావణ్యక్క.

"ఎటు పోతున్నవ్? వాళ్ళతోని మాట్లాడు!" అని శ్రీధర్.

నేను ఆగలేదు. మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డాను. నీళ్ళు అంత చల్లగా ఉంటాయని ఎవరూ చెప్పలేదు. కోపంతోనే ఏడ్చాను. వెనక నుంచి ఫోటో తీసినవాళ్ళు గరిట కడుగుతున్నాననుకుని నవ్వారట. ఆ ఫోటో మా వాట్సాప్ గ్రూప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

మొన్న లావణ్యక్క ఫోన్ చేసింది. "ఈసారి ఇల్లు భలే దొరికిందే! కిచెన్ పెద్దది. నీ కోసమే చూశా."

కనుక మీ అందరి ఎదుటా, ఆ గరిట మీదే ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ పొగ అలారానికి క్యాప్ తొడగను. ఆ ట్రిప్ మొత్తంలో నన్ను బయటికి రమ్మని గొంతు చించుకుని పిలిచింది ఆ అలారమొక్కటే.