అక్క ఆనిగెపు తీగె

మా అక్క సచ్చిపోయినంక కూడ సిరిసిల్లల ఆమె గోడ మీద ఆనిగెపు తీగె పూసింది. పుస్తకాలల్ల దాన్ని సొరకాయ అని రాస్తరు. తెల్లటి పూలు, పొద్దుగూకంగనే ఇచ్చుకుంటయి. కర్మకు పోయిననాడు సూసిన. తెల్లబట్ట కట్టుకొని ఎవలో గోడ అవుతల నిలవడ్డట్టే ఉండె. నేను లోపలికి పోయి తలుపేసుకున్న.

మా దగ్గర ఒక పద్ధతి ఉండె. ఇత్తనం అమ్మద్దు, అడిగినోళ్లకు లేదనద్దు. సేతికియ్యద్దు, కొంగుల పొయ్యాలె. నీ తీగె ఎండితే, నువ్వు పోసినోళ్ల గోడకు ఉంటది, పోయి అడుగుతవు. అక్క అనేది, "డబ్బల దాస్తె పురుగు తింటది. పదిమందికి పోస్తె మనకే మిగులుతది."

ఆమె అన్నట్టే అయ్యింది. జగిత్యాలల నా ఇంట్ల డబ్బల గింజలు పురుగు వట్టినయి. అడుగుదమంటే సిరిసిల్లల అక్క ఇల్లు కూలగొట్టి దుకాణం కట్టిండ్రు. గత్యంతరం లేక ప్యాకెట్ కొన్న. ముసలితనంల అప్పుడప్పుడే అక్షరాలు నేర్సుకున్న. కూడబలుక్కుంట సదివితే దాని మీద ఉన్నది, ఈ కాయల గింజలు మల్ల ఇత్తనానికి పనికిరావని. పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి పంపిన ఆడదాని లెక్క. కాసుడు మంచిగనే కాసింది. తింటే నీళ్ల రుచి. మరుసటేడు మల్ల దుకాణానికే పోవాలె. గిదేం ఎవుసం?

గా యేడే తెలంగాణ కోసం బస్సులు బందైనయి, బడులు బందైనయి. కోరుట్లల బిడ్డ ఇంటికాడ ఉన్న నేను. రోడ్డు మీదనే పొయ్యిలు వెట్టిండ్రు. ఇంటికింత తెచ్చి ఒక్క గంజుల పోసుడే. ఎవలు బియ్యం తెచ్చిండ్రు, ఎవలు ఉత్త సేతులతోని వచ్చిండ్రు, అడిగినోడు లేడు. బంతిల కూసొని పప్పులున్న ముక్క నోట్ల వెట్టుకున్న. మొదలు సన్నటి సేదు, ఎనుక తీపి. అక్క కాయ.

"గీ ఆనిగెపుకాయ ఎవలు తెచ్చిండ్రు?"

పక్కన కూసున్న సాయబులామె, అందరు ఖాలా అంటరు, సెయ్యెత్తింది. "నేనే. సిరిసిల్లల నా బిడ్డ కాన్పుకు పోతే పక్కింటామె గింజలు పోసింది. నాకు జాగ లేదంటే తిట్టి మరీ పోసింది."

"మా అక్కనే. ఇంక గింజలున్నయా?"

"ఇత్తనానికని ఇడిసిన కాయనే గిది. ఇంట్ల ఇంకేం లేకుండె. అందరు తెస్తుంటె నేను ఉత్తగ ఎట్ల వస్త?" మల్ల అన్నది, "మల్యాలల ఒకామెకు పోసిన. బస్టాండు ఎనుక గల్లి, నీలం తలుపు."

బస్సులు నడవంగనే మల్యాల పోయిన. నీలం తలుపుకు తాళం. బతుకుదెరువుకు బొంబాయి పోయిండ్రట. తీగె ఎండి గోడను కరుసుకొని ఉన్నది. పైన ఒక్కటే కాయ, కట్టె లెక్క. గాలి కొడితే లోపల గింజలు గలగలమన్నయి. ఎవలో లోపట గుసగుస పెడుతున్నట్టే ఉండె.

పక్కింటి కోడలు సూసి నవ్వింది. "తెంపుకపో అవ్వా. ఎవలడుగుతరు?"

"ఇచ్చేటోళ్లు లేంది ఎట్ల తీసుకుంట?"

"గీ కాయకు గూడ తాసిల్దారు సంతకం గావాల్నా?"

"అయితే నువ్వే పొయ్యి."

కొంగు పట్టిన. ఆమె నవ్వుడు ఆపింది. నిచ్చెనేసి తెంపి, రాయికి కొట్టి, గింజలు పోసింది. నేను ఇంటికి పోలేదు. తాళమేసిన గోడ కిందనే కూలవడి మట్టి గీరిన.

"వాళ్లిగ రారు అవ్వా."

"రాకుంటే నీకు కాస్తది. ఎవలన్న అడిగితే పొయ్యి. జాగ లేదంటే తిట్టి పొయ్యి."

గింజలు ఒక్కొక్కటి మట్టిల ఒత్తుకుంట, 'గింత లోతు సాలునా అక్కా?' అనుకుంట కూసున్న.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అన్నది కోడలు, నా ఎనుక దిక్కు సూసుకుంట.

"సెంబెడు నీళ్లు తే," అన్న.