ఎడమవైపు ఒక అడుగు ఎక్కువ

ఓరెస్ట్ కుజిక్ పక్కన కూర్చుని ఐస్ హాకీ చూడటమంత శిక్ష ఇంకోటి లేదు. జనమంతా పక్ అనే ఆ రబ్బరు బిళ్ల ఎటు పోతే అటు మెడలు తిప్పుతుంటే, ఈయన మాత్రం ఆట లేని మూలకేసి చూస్తూ, పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు కాగితం కప్పులో ఊస్తుంటాడు. గోల్ పడి అందరం లేచి అరిచాక, “ఎవరు కొట్టారు?” అని తాపీగా అడుగుతాడు. ఒకసారి నాకు ఒళ్లు మండి, “మరి నువ్వు చూస్తున్నదేంటయ్యా?” అన్నాను.

“పక్ ఎక్కడుందో నాలుగొందల మంది చూస్తున్నారుగా. మధ్యలో నేనెందుకు?” అన్నాడు.

నేను రోవన్‌డేల్ బైసన్స్ జట్టుకి ఇరవై ఆరేళ్లుగా స్కేట్లు సాన పెడుతున్నాను, బస్సు నడుపుతున్నాను. అంటే మా ఆటగాళ్ల కాళ్లు వాళ్ల తల్లుల కంటే నాకే బాగా తెలుసు. ఆ కాళ్లు మా జట్టు దాకా రాకముందే, పద్నాలుగేళ్ల వయసులోనే వాటిని చూసి పెట్టేవాడు ఓరెస్ట్. కెనడాలో మా సస్కాచెవాన్ తూర్పు భాగానికంతటికీ కుర్రాళ్లని వెతికిపెట్టే స్కౌట్ ఆయనే.

బతుకుతెరువుకి మాత్రం ముప్పై ఎనిమిదేళ్లు రైలు పట్టాల పక్కన ధాన్యం గిడ్డంగిలో పనిచేశాడు. రైతు లారీ దింపగానే గుప్పెడు గోధుమలు తీసి, నాలుగు గింజలు నమిలి, ఏ రకమో చెప్పేసేవాడు. బతిమాలినా, తిట్టిపోసినా ఆ మాట మారేది కాదు. సొంత బావమరిది గోధుమల్నే తడిసినవని పక్కన పెట్టించి, ఆ ఏడు క్రిస్మస్‌కి వాళ్లింటి భోజనం పోగొట్టుకున్నాడు. “అన్నం కూరిన క్యాబేజీ చుట్టలు మా చెల్లెలే బాగా చేస్తుంది, అదొక్కటే బాధ,” అనేవాడు.

కుర్రాళ్లనీ అలాగే చూసేవాడు. ఊపిరి బయటికొస్తే గడ్డకట్టే చలిలో మూడు గంటలు బండి నడుపుకుంటూ పోయి, ఒక్కడి ఆట కోసం కూర్చునేవాడు. పక్ పోగొట్టుకున్నాక వాడేం చేశాడు? కోచ్ తిట్టి బెంచీ మీద కూర్చోబెడితే నీళ్ల సీసా పక్కవాడికి అందించాడా, విసిరికొట్టాడా? ఏడేళ్ల కింద ఊళ్లన్నీ నెత్తిన పెట్టుకున్న ఒక గోల్‌కీపర్‌ని వద్దన్నాడు. “గోల్ పడిన ప్రతిసారీ తోటివాళ్ల వంక చూస్తాడు, తప్పు మీదేనన్నట్టు,” అన్నాడు. మేం వినకుండా తీసుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి సగం జట్టు వాడితో మాట మానేసింది. “నేను ముందే చెప్పలా?” అని ఓరెస్ట్ ఒక్కసారి కూడా అనలేదు. నేనైతే బస్సు మీద పెద్దక్షరాలతో రాయించేవాణ్ణి.

ఆయనకో నియమం ఉండేది. కుర్రాడి గురించి తను చూసింది, జట్టుకి కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ గదిలో తప్ప ఎక్కడా నోరు జారడు. తండ్రులు చుట్టూ చేరి బెర్రీ పళ్లు పెట్టి కాల్చిన పై ముక్క చేతిలో పెట్టి, “మావాడెలా ఉన్నాడండీ?” అని నీళ్లు నములుతుంటే, ఆ ముక్క తినేసి, “రోడ్డు మీద మంచుంది, నెమ్మదిగా వెళ్లండి,” అని లేచిపోయేవాడు. స్కౌట్ మాట కుర్రాడి చెవిన పడితే వాడు పాడైపోతాడని ఆయన నమ్మకం. నాకూ అదే సరైందనిపించేది, ఆ మే నెల దాకా.

ఆ ఏడు డ్రాఫ్ట్‌లో ఓరెస్ట్ మనవడు ఉన్నాడు. కూతురు లారిస్సా కొడుకు, డానిలో. డిఫెన్స్‌లో ఆడేవాడు. పొడగరి, బుద్ధిమంతుడు, నాలుగేళ్ల వయసు నుంచీ మా బైసన్స్ చొక్కా వేసుకునే నిద్రపోయిన పిల్లాడు. వాడికి ఇంకో జట్టు అక్కర్లేదు. తాత జట్టే కావాలి.

డ్రాఫ్ట్ రోజు పొద్దున్నే మా కార్యాలయం మేడ మీద కూర్చున్నాం. జట్లన్నీ వంతులవారీగా ఒక్కో పేరు చెబుతాయి. చెప్పినవాడు ఆ జట్టువాడు. మొదటి వంతులో పెద్ద చర్చ లేదు. రెండో వంతులో మా పిలుపు రావడానికి ఇంకో పావుగంట ఉందనగా మేనేజర్ గ్రాంట్ సోర్లీ బోర్డు మీద రెండు పేర్లు పెట్టాడు: ఒకటి డానిలో, రెండోది ఉత్తరాన సరస్సుల ఊరి నుంచి వచ్చిన ఎమెట్ మొరిసెట్. వాడూ డిఫెన్సే, పొట్టివాడు.

మా గదిలో ఒక ఆచారం ఉంది. ఆ ప్రాంతపు స్కౌట్ నోరు విప్పకుండా ఏ కుర్రాడి మీదా ఓటుకి చేతులెత్తరు. ఎమెట్ గురించి పడమటి వైపు చూసే లియో ఫెర్లాండ్ చెప్పాడు. ఆ ఉత్తరాది ఊళ్లు కూడా లియోవే. లియో గొంతుకి మైకు అక్కర్లేదు. మెచ్చుకోవాల్సిందంతా మెచ్చుకుని, చివర్న తనే, “అయినా పొట్టివాడు. నా ఓటు ముసలాయన మనవడికే,” అన్నాడు.

గ్రాంట్ ఓరెస్ట్ వైపు తిరిగాడు. “డానిలో మీద మీ కాగితం ఖాళీగా ఉందండీ. మొహమాటం అర్థమైంది. కానీ మీరు చెప్పాలి.”

“వేరేవాళ్లని పంపమన్నాను,” అన్నాడు ఓరెస్ట్.

“పంపాం. వాళ్లంతా బాగున్నాడన్నారు. ఆ ప్రాంతం మీది.”

“ఏమయ్యా, పొగడ్డానికి కూడా సిగ్గేనా?” అని లియో నవ్వాడు. “ఊఁ అను, అయిపోతుంది.”

నిజమే, ఊఁ అంటే అయిపోయేది. నేను కాఫీ పోస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఓరెస్ట్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“మంచి పిల్లాడు. కష్టపడతాడు. కానీ వెనక్కి జారుతూ ఎడమవైపుకి తిరగాల్సొస్తే ఒక అడుగు ఎక్కువ వేస్తాడు. ఇప్పుడు వాడి వయసు వాళ్లెవరూ దాన్ని పట్టుకోలేరు. పదిహేడేళ్లకి ప్రతివాడూ ఆ పక్క నుంచే దాటిపోతాడు. పొట్టివాణ్ణి తీసుకోండి.”

లియో ముఖంలో నవ్వు మాయమైంది. “నీ మనవడయ్యా,” అన్నాడు మెల్లగా. లియో మెల్లగా మాట్లాడగా నేను విన్నది అదే మొదలు.

“తెలుసు,” అన్నాడు ఓరెస్ట్.

మేం ఎమెట్‌ని తీసుకున్నాం. మిగతా జట్లలో ఏదో ఒకటి డానిలోని తీసుకుంటుందని అందరం అనుకున్నాం. తీసుకోలేదు. సొంత తాత జట్టే వదిలేసిందంటే ఏదో ఉందనుకున్నారు కాబోలు. పన్నెండు వంతులూ అయిపోయాయి, వాడి పేరు ఎవరి నోటా రాలేదు. ఓరెస్ట్ లేచి, “నువ్వు బండి తోలు. లారిస్సా ఇంటికి పోదాం,” అన్నాడు నాతో.

లారిస్సా ఇంట్లో బల్ల నిండా బంగాళాదుంప కూరి ఉడికించిన పిరోగీలు. పొద్దున్నుంచీ చేస్తూ కూర్చుందట. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. డానిలో గోడకానుకుని ఉన్నాడు. ఓరెస్ట్ కుర్చీలో కూడా కూర్చోకుండా, తను గదిలో ఏమన్నాడో ఒక్క ముక్క మార్చకుండా చెప్పేశాడు.

“నాన్నా, నీకసలు గుండె ఉందా?” అంది లారిస్సా. “ఎవరో ఊరూ పేరూ తెలియనివాడి కోసం...”

డానిలో తల్లిని చేత్తో ఆపాడు. “ఎడమవైపా?” అన్నాడు. “ఎప్పట్నుంచి చూస్తున్నావు గీడో?”

మా వైపు తాతని గీడో అనే పిలుస్తారు. ఆ పిలుపు వినగానే ఓరెస్ట్ కుర్చీ వెతుక్కున్నాడు. “రెండేళ్ల నుంచి,” అన్నాడు.

“రెండేళ్లు నా ప్రతి ఆటకీ వచ్చావు. ప్రతిసారీ భుజం తట్టి బాగా ఆడావన్నావు. ఆ గదిలో వాళ్లకి ఒక్క నిమిషంలో చెప్పావు. నాకెందుకు చెప్పలేదు? నేను దిద్దుకునేవాణ్ణి కదా.”

ఓరెస్ట్ టోపీ తీసుకుని లేచాడు. పిరోగీలు ఎవరూ ముట్టలేదు. నాకు ఆకలి దంచేస్తోంది, అయినా ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఓరెస్ట్ నా కొట్టుకొచ్చాడు. చంకలో తన స్కేట్లు, తోలు చిట్లిపోయి, అంచులకి తుప్పు పట్టి ఉన్నాయి. “సాన పెట్టు,” అన్నాడు. డెబ్బై ఒకటో ఏట నీకిదేం పిచ్చని తిట్టాను. తిడుతూనే పెట్టాను. మా ఊరి రింక్‌లో ఐస్ ఏప్రిల్‌లోనే తీసేస్తారు కాబట్టి నూటపది కిలోమీటర్లు పట్నానికి పోయాం. డానిలో వెనక సీట్లో దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. వచ్చాడు, అదే చాలనుకున్నాం.

రింక్ ఖాళీగా ఉంది. ఓరెస్ట్ గోడ పట్టుకుని ఐస్ మీదకి దిగి, “ఇట్లా తిరగాలి, చూడు,” అంటూ వెనక్కి జారి ఎడమవైపుకి తిరిగాడు. ఒక అడుగు ఎక్కువ పడింది. మళ్లీ తిరిగాడు. మళ్లీ పడింది.

“గీడో, నీక్కూడా అదే,” అన్నాడు డానిలో.

“అవునురా.” రొప్పుతూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు ఓరెస్ట్. “పదిహేడేళ్లప్పుడు నన్ను జట్టులోంచి పంపించేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ముప్పై ఐదేళ్లొచ్చాక, ఇంకెవడో తిరుగుతుంటే చూసి తెలుసుకున్నా. నీకు చెప్పకపోవడానికి నియమమూ లేదు, గియమమూ లేదు. నా కాళ్లే నీకొచ్చాయని పైకి అనలేకపోయా. నేనే తప్పుగా చూశానేమో, వచ్చే ఆటలో ఉండదేమో అనుకుంటూ రెండేళ్లు గడిపేశా.”

డానిలో గోడ దూకి ఐస్ మీదకొచ్చి, తాతకి నాలుగు గజాల దూరంలో ఒంగి నిలబడ్డాడు.

“మళ్లీ తిరుగు. ఈసారి నేను చూస్తా.”

ఓరెస్ట్ తిరిగాడు. డానిలో ఇంకోసారి తిరగమన్నాడు. తిరిగాడు.

“కాలు కాదు గీడో,” అన్నాడు డానిలో. “భుజం. నీ కుడి భుజం ఆలస్యంగా వస్తోంది. అది రాలేదని కాలు ఆగుతోంది.”

ముప్పై ఆరేళ్లుగా కుర్రాళ్ల కాళ్లు చదివిన మనిషి తన భుజం వంక చూసుకున్నాడు. ఐదోసారి భుజం ముందు తిప్పాడు. ఆ అదనపు అడుగు పడలేదు. నాకు కళ్లనీళ్లొచ్చాయి, దాచుకోవడమెందుకు. ఆ గదిలో సొంత మనవణ్ణి కాదన్నప్పటి కంటే, ఆ పిల్లాడు చెబితే విని తిరిగినప్పుడే ఆయన నాకు ఎక్కువ నచ్చాడు.

డానిలో వెనక్కి జారుతూ గీత దాకా వెళ్లి ఆగాడు. “ఇప్పుడు నన్ను చూడు. ఉన్నదంతా చెప్పు, ఏదీ దాచకు.”

ఓరెస్ట్ చెప్పడం మొదలుపెట్టాడు. గంటన్నర ఆపలేదు.