పథ్యం పట్టిన చెల్లెలు

మొన్న పక్కింటి కోడలు మా ఆత్మకూరు ఇంటికి వచ్చి, వాళ్ల మామకు నెల్లూరులో కీమో మొదలుపెట్టినారనీ, ఆ మందుకు పథ్యం ఏందో నీకు తెలుస్తాది కదవ్వా అనీ అడిగింది. తెలిసింది చెప్పి పంపినాను గానీ, పథ్యం అన్న ఆ ఒక్క మాట పట్టుకుని, ఎన్నో ఏళ్లుగా నన్ను వదలని మనిషి మళ్లీ వచ్చి పక్కన కూర్చుంది.

నాకు రొమ్ములో గడ్డ తీసి కీమో పెట్టిన రోజుల మాట ఇది. ఉదయగిరి నుంచి వచ్చే బస్సు ఎక్కి నెల్లూరు పోయేదాన్ని. అదే బస్సులో, అదే మందుకు, గొర్రెలు కాచుకునే ఇంటి కోడలు ఒకామె వాళ్లత్తను తోడు తీసుకుని వచ్చేది. నాకంటే చాలా చిన్నది. అక్కా అని వరస కలిపింది కాబట్టి చెల్లెలనే రాస్తా. పక్క సీటు మీద తువ్వాల వేసి నాకోసం పట్టిపెట్టేది.

కడుపులో తిప్పడం, నోరంతా పూత, మంచినీళ్లు తాగినా తుప్పు నాకినట్టుండడం, తాలింపు వాసనొస్తే వాకిట్లోకి పరిగెత్తడం, ఆ మందు ఎక్కించుకున్న వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడి నర్సమ్మ కొంచెం కొంచెంగా మాటిమాటికీ తినమనింది, బాగా ఉడికిన గుడ్డు తినమనింది, రాత్రి మిగిలిన సద్దన్నం ముట్టుకోవద్దనింది. మెతుకు పారబోస్తే ఇంటిల్లిపాదినీ తిట్టేదాన్ని, ఆ సద్ది బర్రె కుడితిలో కలపాలంటే ప్రాణం ఉసూరుమనేది. అయినా చెప్పినట్టే చేసినాను. మాత్ర మింగినట్టు గుడ్డు మింగినాను.

చెల్లెలు మాత్రం పథ్యం పట్టింది. మా పక్క కామెర్లకు పసరు పోస్తే ఉప్పూ కారం, నూనే, పెరుగూ అన్నీ మాన్పించేవాళ్లు. ఎంత ఘాటు మందుకు అంత గట్టి పథ్యం, అత్త నమ్మకం అదే. పాలకూ మాంసానికీ కొదవ లేని ఇంట్లో ఆ పిల్లకు చప్పిడి గంజి, మిరియాల చారు. అత్త గయ్యాళి అనుకునేరు, కాదు. కోడలికి తోడుగా తానూ అదే గంజి తాగేది. బస్సు కుదుపులకు కోడలు కక్కుకుంటే కొంగు పట్టేది.

ఒకనాడు అత్త మందుల కోసం వరసలో నిలబడి ఉంటే, నా సంచిలోని గుడ్డు ఒలిచి ఆ పిల్ల చేతిలో పెట్టినాను.

“తినవే. గాలి మింగి బతకతావా?”

“మాయత్తకు తెలిస్తే చంపేస్తాదక్కా.”

“ముందు తిని బతుకు, చంపే సంగతి తర్వాత చూస్తాం.”

నోటిపూత మంటకు పెదవి పట్టుకుని మరీ నవ్వింది. చిన్న చిన్న ముక్కలు తుంచుకుని గుడ్డంతా తినింది.

తర్వాతి విడతకు రక్తం చాలలేదని, మందు ఎక్కించకుండా తిప్పి పంపినారు. తిండి లేక నీరసించిందని డాక్టరు చెప్తానే ఉన్నాడు. బస్సులో ఆ పిల్ల ఏడుస్తా గుడ్డు సంగతి అత్తకు చెప్పేసింది. అత్త నన్ను తిట్టలేదు. “పథ్యం చెడింది తల్లీ” అని మాత్రం అనింది. ఇంటికి పోయి ఆ చారు కూడా మాన్పించింది. ఆ తర్వాత సీటు మీద తువ్వాల లేదు. నా సంచిలో తిండి వాసనకు మనసు లాగుతుందని చెల్లెలు వెనక సీట్లో కూర్చునేది. తిరిగి చూస్తే కళ్లు దించుకునేది. కొన్నాళ్లకు ఇద్దరూ కనబడలేదు. పిల్ల పోయిందని కండక్టరు చెప్పినాడు.

నాకు జుట్టు మళ్లీ వచ్చినాక, కలిగిరి బస్టాండులో ఆ అత్త ఎదురుపడింది. నా తల నిమిరి, “నువ్వు బతికినావు. ఏం పథ్యం చేసినావు తల్లీ?” అనడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. అన్నీ తిన్నానంటే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుంది? దేవుడి దయమ్మా అని బస్సెక్కేసినాను.

ఇప్పుడు ఆసుపత్రుల్లో, రోగికి ఇంట్లో వండిపెట్టే వాళ్లను కూడా పిలిచి కూర్చోబెట్టి చెప్తున్నారు. ఆనాడు చెప్పింది తినే మనిషికి, గరిటె ఉండింది అత్త చేతిలో. ఆ ముసలామె కూడా పోయిందని విన్నాను. కోడలు చెడగొట్టుకున్న పథ్యం నేను తీరుస్తానని కడదాకా చప్పిడి గంజే తాగిందంట. ఒకరి కోసం ఇంకొకరు అట్లా నోరు కట్టుకునే ప్రేమలు ఇప్పుడు లేవంటారు. ఎక్కడన్నా ఉండాయని వింటే నాకు భయం.