పాచిమొహంతో చెప్పిన కలలు

మా చిన్నాయన మీద నా పగ ఇప్ప చెట్టు దగ్గర మొదలైంది. నాన్న పోయాక అమ్మకూ నాకూ మిగిలిన ఆధారం చేని గట్టు మీది ఆ ఒక్క చెట్టే. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే వెళ్లి రాలిన పువ్వు ఏరుకుని, ఎండబెట్టి, వానాకాలమంతా తినేవాళ్లం. అందులో తనకూ భాగం ఉందని చిన్నాయన తగువు పెట్టాడు. పెద్దమనుషులు చెట్టు అమ్మదే అన్నారు. మరునాడే దాన్ని నరికించేశాడు. నాకు దక్కనిది నీకెందుకని! అమ్మ ఆ మొద్దు పక్కనే కూలబడింది. ఆ వానలు దాటలేదు.

తెల్లదొరలు గోదావరిలో పడవల దారి కోసం బండలు పగలగొట్టిస్తున్న రోజులవి. నాన్న సిరొంచలో టేకు దుంగల లెక్క రాసేవాడు. ఆడపిల్లకు చదువేమిటని ఊరంతా అన్నా నాకు అక్షరాలు దిద్దించాడు. ఆయన వదిలిపోయిన కాగితాలు కుట్టుకుని, రోజూ నిద్ర లేస్తూనే నా కలలు రాయడం మొదలుపెట్టాను. చిన్నాయనను నేనేమీ చేయలేను. కలలోనైనా చస్తున్నాడు కదా, ఆ సంబరం పగటి పనుల్లో పడి మరిచిపోకూడదని రాసేదాన్ని. ఒక్క కల కూడా కల్పించలేదు. ఆ అవసరమే రాలేదు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికైనా కీడు జరిగినట్టు కల వస్తే, పాచిమొహంతోనే వెళ్లి వాళ్లకు చెప్పాలి. వాళ్లు ప్రాణహిత ఒడ్డున అమ్మవారికి కోడిని కోసి కీడు దింపుకోవాలి. అంటే చెప్పడం వాళ్ల మేలుకే. నేనూ మేలే చేశాను.

"చిన్నాయనా, రాత్రి కలల నిన్ను మొసలి గుంజుకపోయింది."

"ఏందే పొద్దుగాలనే! నీకు ఇంకెవ్వలు దొరకలేదా?"

"నేను పిలిస్తె వస్తున్నవా? నువ్వే వస్తున్నవ్."

"జర ఆయన బువ్వ తిన్నంక చెప్పరాదే," అనేది చిన్నమ్మ.

"పాశిమొకంతోనే చెప్పాలె గద చిన్నమ్మా!"

కోడిని కోయకపోతే భయం, కోస్తే గంప ఖాళీ. అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు. చిన్నమ్మ జిమల్‌గట్ట పుట్టింటి నుంచి కోళ్లు తెప్పించింది. అవీ అయిపోయాయి. నేను వీధిలోకి వస్తే చాలు, "అగో వస్తున్నది, కోడిని పట్టుండ్రి" అని జనం నవ్వేవాళ్లు. నా కడుపుమంట కొంచెం చల్లారేది.

కొన్నేళ్లకు ఆయన జ్వరంతో మంచాన పడి ఇక లేవలేదు. పోయేవాడు అయినవాళ్ల కలలో నవ్వుతూ కనిపిస్తే, వాళ్లు అతన్ని క్షమించినట్టేనని మా వాళ్ల నమ్మకం. ఒక పొద్దున కబురు పెట్టి పిలిపించాడు. చెయ్యి పట్టుకున్నాడు. గొంతు పీలగా వినిపించింది.

"బిడ్డా, ఒక్కసారన్న నీ కలల నవ్వుకుంట కనవడ్డనా?"

కనబడ్డాడు. ఆ తెల్లవారుజామునే. నేను చిన్నపిల్లను. నన్ను భుజాల మీద ఎక్కించుకుని, నవ్వుతూ ప్రాణహిత దాటిస్తున్నాడు. లేచి రాసి, ఆ సిరా మరకతోనే వచ్చాను. మొహం కూడా ఇంకా కడుక్కోలేదు.

"లేదు చిన్నాయనా," అన్నాను. "ఒక్కసారి సుత కనవడలే."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెప్పి ఉంటే సుఖంగా పోయేవాడు. అందుకే చెప్పలేదు.