ఎరుపు దొరకని వరుస

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఈ సంగతి జరిగాక కూడా లేదు. మాది టెక్కలిలో బాప్టిస్టు కుటుంబం. నాన్న మిషన్ బళ్లో లెక్కల మాస్టారు. పెరట్లో ఏదో కనబడిందని ఏడిస్తే నన్నే అక్కడికి లాక్కెళ్లి, అది గోనెసంచి అని చూపించి, ఇంకోసారి ఏడవకుండా చెవి మెలేసేవాడు.

ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పలాసలో ఈ కథ ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. కంప్యూటర్లో ఆడమనిషి ఏడ్చిందట. తెరంతా నెత్తురు రంగైపోయిందట. ఆ మధ్య ఒక పెళ్లిలో పక్కన కూర్చున్నాయన, అది జరిగింది నాకేనని తెలియక, నాకే ఈ కథ వినిపించాడు. ఒళ్లు మండిపోయింది. ఏడుపూ లేదు, నెత్తురూ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యలో కోపం వస్తే దాన్ని దాచను.

రెండువేల ఎనిమిది ప్రాంతం. తెల్ల రేషన్ కార్డుల్లో పేర్లు సరిచూసే పని ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. పలాసలో ఒక జీడిపప్పు కొట్టు మీద మేడ అద్దెకు తీసుకుని ఎనిమిది కంప్యూటర్లు పెట్టాడు. కిటికీ తెరిస్తే జీడిపిక్కలు కాల్చే పొగ, మూస్తే ఉక్కపోత. నేను అందులో ఆపరేటర్ని.

పని కష్టమైనదేం కాదు. ఊరూరా తిరిగే పరిశీలకులు రిజిస్టరు పేజీలో ప్రతి పేరు దగ్గరా గుర్తు పెట్టేవారు. మనిషి ఉంటే నీలం టిక్కు. చనిపోయినా, ఊరు వదిలి పూర్తిగా వెళ్లిపోయినా పేరు మీద ఎర్ర గీత. ఆ పేజీలు స్కాన్ చేసి మాకు ఇచ్చేవారు. మేం కంప్యూటర్లో అదే పేరు తెరిచి, నీలమైతే ఉంచాలి, ఎరుపైతే తొలగించాలి. తెల్లకార్డులో పేరుంటేనే పెద్ద జబ్బులకు ఆస్పత్రిలో ఉచితంగా చూసే రోజులవి. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని అబద్ధం చెప్పను.

పది రోజులు చేసేసరికి చూపుడువేలు వాచిపోయింది. మౌస్‌ను తనంతట తానే కదిపి, బటన్లు నొక్కే స్క్రిప్టులు రాసుకునే ఉచిత ప్రోగ్రాము ఒకటి నెట్ సెంటర్లో దొరికింది. రెండు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి స్క్రిప్టు రాశాను.

తెరను నిలువుగా రెండు భాగాలు చేశాను. ఎడమ సగంలో స్కాన్ చేసిన పేజీ, కుడి సగంలో ఎంట్రీ ఫారం. తెర మీది బొమ్మంతా చిన్న చిన్న చుక్కలే కదా, వాటినే పిక్సెల్స్ అంటారు. ప్రతి చుక్క రంగుకీ ఒక నంబరు ఉంటుంది. నా స్క్రిప్టు ఎడమ సగంలో ఒక్కో వరుసనూ జల్లెడ పట్టేది. ఎర్ర చుక్కలు దొరికితే కుడి సగానికి వెళ్లి 'తొలగించు' నొక్కేది. నీలం దొరికితే 'ఉంచు' నొక్కేది. రెండూ దొరక్కపోతే కీచుమని ఆగిపోయేది. ఏ వరుసలో ఏం చేసిందో తెర కింద ఒక మూల రాసేది.

మూడు వారాలు ఒక్క తప్పు లేకుండా నడిచింది. నేను కాలు మీద కాలేసుకుని టీ తాగుతుంటే మౌస్ బాణం తనే అటూ ఇటూ తిరిగేది. మిగతా ఆపరేటర్లు నా కుర్చీ వెనక నిలబడి చూసేవారు. పొగరు తలకెక్కింది నాకు.

ఒకరోజు ఉదయం పదకొండు గంటలప్పుడు జలంత్రకోట పేజీల్లో ఒకదాని మీద స్క్రిప్టు ఆగింది. ఏడో వరుస. దాలమ్మ, భర్త కామయ్య. పేరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్ర గీత. గుడ్డివాడికైనా కనబడేంత గీత. స్క్రిప్టు మాత్రం ఏ రంగూ దొరకలేదని చెప్పింది.

మళ్లీ నడిపాను. మళ్లీ అక్కడే ఆగింది. మౌస్ బాణం అడ్డొచ్చిందేమోనని పక్కకు జరిపాను. గీత రంగు కాస్త తేడాగా ఉందేమోనని, లేత ఎరుపు నుంచి ముదురు ఎరుపు దాకా ఏదైనా ఒప్పుకునేలా మార్చాను. ఆగింది. ఆ వరుసను బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రాములో తెరిచి, చుక్కలు ఒక్కొక్కటీ శనగగింజంత అయ్యేదాకా పెద్దది చేసి చూశాను. అన్నీ ఎరుపే. రంగు నంబర్లు కాగితం మీద రాసుకున్నాను. స్క్రిప్టు వెతికే నంబర్లే అవి. అదే పేజీలో పదకొండో వరుసలో ఇంకో ఎర్ర గీత ఉంది. దాన్ని చిటికెలో పట్టుకుంది.

కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. పక్క సీటు సుగుణ కంప్యూటర్లో వేసి చూశాను. అక్కడా అంతే. చివరికి ఉక్రోషం పట్టలేక, ఆ పేరు మీద పెయింట్‌లో నేనే వేలంత లావు ఎర్ర గీత గీశాను. అదీ కనబడలేదట దానికి. మధ్యాహ్నం భోజనాల వేళకి నా మొహం చూసి అందరూ నవ్వడం మొదలుపెట్టారు.

సుగుణ మాత్రం నవ్వలేదు. తెర దగ్గరకి వంగి పేరు చదివింది. "అన్నా, ఓపాలి ఆ ఊరికి పోను సేసి అడగరాదేటి? మడిసి ఉందో నేదో తెలుస్తాది గదా" అంది.

ఆ మాట నాకు బుర్రకెక్కలేదు. అప్పుడు నా కోపమంతా స్క్రిప్టు మీదే. నలుగురిలో నా పరువు తీసిందని. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. ఆ వారం పేజీలు వెనకబడ్డాయని అప్పటికే చిటపటలాడుతున్నాడు. ఒక్క పేరు కోసం పూట పాడుచేశానని తెలిసి అంతెత్తున లేచాడు. నేను చుక్కల సంగతి, నంబర్ల సంగతి చెప్పబోతే వినలేదు.

"మిసను ఆగిపోతే నీ సెయ్యి కూడా పడిపోనాదేటి? నొక్కీ" అన్నాడు.

నొక్కాను. దాలమ్మ పేరు కార్డులోంచి పోయింది. ఎనిమిదో వరుస నుంచి స్క్రిప్టు మళ్లీ మామూలుగా పని చేసింది.

నెల దాటాక ఒకాయన మా మేడ మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతిలో మందుల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, ఆస్పత్రి కాగితాలు. రేషన్ డీలరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరూ ఇంకొకరి దగ్గరికి పంపగా పంపగా మా దాకా వచ్చాడు. తన పేరు కామయ్య అని చెప్పాడు. నాకు వెంటనే ఆ ఏడో వరుస గుర్తొచ్చింది.

"నా ఇంటిది బతికే ఉంది బాబు. సచ్చిపోనాదని మీకు ఎవులు సెప్పినారు?" అన్నాడు. అరవలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

దాలమ్మకి కిడ్నీలు చెడిపోయాయి. ఉద్దానంలో ఆ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు పలాస వచ్చి, రైలెక్కి, విశాఖలో రక్తం శుభ్రం చేయించుకోవాలి. కార్డులో పేరు లేదని కౌంటర్ దగ్గర రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారికి ఆవిడ కాళ్లూ మొహమూ పొంగిపోయి, ఊపిరి అందని స్థితి. కామయ్య ఎవరివో కాళ్లు పట్టుకుని ఆ ఒక్కసారికి లోపలికి పంపించాడు.

మర్నాడే సెలవు పెట్టి ఆయనతో సోంపేట వెళ్లాను. ఆ ఎర్ర గీత గీసిన పరిశీలకుణ్ణి వెతికి పట్టుకున్నాను. బస్సులు ఆగే చోట టీ కొట్టు ముందు దొరికాడు. కొట్టేద్దామన్నంత కోపంతో వెళ్లాను. అతను ఏదీ దాచలేదు. ఆ రోజు వాళ్ల ఇంటికి తాళం ఉందట. పక్కింటావిడని అడిగితే, కిడ్నీ జబ్బు, విశాఖ తీసుకెళ్లారని చెప్పిందట. అంతే, గీత గీసేశాడు.

విశాఖ వెళ్తే చచ్చిపోయినట్టేనా అని అడిగాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "మా తమ్ముడూ ఎల్లినాడు. ఆడి తోటి మా ఈదిలో ముగ్గురెల్లినారు. ఎవులు తిరిగొచ్చినారు సెప్పు?" అన్నాడు.

కొట్టే ఆలోచన మానుకున్నాను. అలాగని కోపమూ తగ్గలేదు. ఈ ప్రాంతం మనిషే తన చుట్టుపక్కల ఊళ్లవాళ్లని ఆస్పత్రికి బయలుదేరగానే చచ్చినవాళ్ల లెక్కలో వేసేసేంతగా ఆ జబ్బుకి అలవాటు పడిపోయాడంటే, అది అతని ఒక్కడి తప్పు ఎలా అవుతుంది? తాగే నీళ్ల దగ్గర నుంచి మందుల దాకా పట్టించుకోని ప్రతివాడిదీ.

పేరు మళ్లీ ఎక్కించడానికి మమ్మల్ని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిప్పారు. తీసెయ్యడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. బతికి ఉన్నట్టు రుజువు కావాలన్నారు. మనిషిని తెచ్చి చూపించమన్నారు. నడవలేని ఆవిడని ఆటోలో తీసుకొచ్చి బల్ల ముందు నిలబెడితే, గుమాస్తా ఆవిడ వైపు చూడలేదు. కంప్యూటర్ వైపు చూసి, ఇందులో లేదు కదా అన్నాడు. ఆ రోజు నేను ఎంత గట్టిగా అరిచానో నాకే గుర్తులేదు. బంట్రోతులు వచ్చి నన్ను బయటికి నడిపించారు.

సాయంత్రం వాళ్లని ఇంటి దగ్గర దింపడానికి జలంత్రకోట వెళ్లాను. దాలమ్మ మంచం మీద ఒరిగి కూర్చుంది. పక్కనే చీపురుకోసం సగం తీసిన కొబ్బరి ఈనెల కట్ట ఉంది. నాకు మనసులో బరువు దించుకోవాలనిపించి, ఆవిడకి అంతా చెప్పేశాను. తెరను రెండు భాగాలు చెయ్యడం, చుక్కల రంగులు, తన పేరు దగ్గర స్క్రిప్టు ఎన్నిసార్లు నడిపినా ఆగిపోవడం, చివరికి నేను చేత్తో నొక్కడం. యంత్రం కూడా ఒప్పుకోలేదమ్మా అంటే ఆవిడకి కాస్త ఊరటగా ఉంటుందనుకున్నానేమో.

ఆవిడ ఓపిగ్గా విన్నది. "అది ఆగిపోనాది గదా బాబు. మరి నువ్వేల నొక్కినావు?" అని అడిగింది.

కామయ్య ఆవిడని మందలించి నాకు మంచినీళ్లు ఇచ్చాడు. నేను తాగి వచ్చేశాను.

పేరు కార్డులోకి ఎక్కడానికి ఇంకా ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ వైద్యం ఒకసారి జరిగితే రెండుసార్లు తప్పేది. తర్వాత మళ్లీ సక్రమంగానే వెళ్లారు గానీ ఆవిడ కోలుకోలేదు.

నేను ఆ పని మానేసి కాశీబుగ్గలో చిన్న డీటీపీ షాపు పెట్టుకున్నాను. ఒకరోజు ఉదయం షాపు తెరిచేసరికి కామయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. జిరాక్సులు కావాలన్నాడు. కాగితం చేతికిచ్చాడు. దాలమ్మ మరణ ధ్రువపత్రం. మూడు కాపీలు తీసి ఇచ్చాను. డబ్బులు వద్దన్నా లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన వెళ్లాక షట్టరు సగం దించాను. ఆఫీసులో పని అప్పగించేటప్పుడు నేను దగ్గర ఉంచుకున్న సీడీ ఒకటి ఉంది. ఉంచుకోకూడదు, ఉంచుకున్నాను. అందులో జలంత్రకోట పేజీలు, ఎంట్రీ ఫారం నకలు, నా స్క్రిప్టు ఉన్నాయి. ఆ రోజు దాన్ని ఎందుకు బయటికి తీశానో చెప్పగలను. అది ఆగినప్పుడు వచ్చే ఆ కీచుమనే చప్పుడు ఒక్కసారి వినాలనిపించింది.

తెరను మునుపటిలాగే రెండు భాగాలు చేసి నడిపాను. ఆరో వరుస, ఏడో వరుస, ఎనిమిదో వరుస. ఆగలేదు. ఏడో వరుసలో ఎరుపు దొరికిందని, తొలగించానని రాసింది. అదే పేజీ, అదే స్క్రిప్టు. నేను అందులో అక్షరం మార్చలేదు. ఫైలు ఎప్పుడు మార్చిందీ కంప్యూటర్ చెబుతుంది కదా, అదీ చూశాను. సీడీలో ఉన్నదాన్ని మార్చడం ఎవరివల్లా కాదు.

కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్లకి తర్వాత చూపించాను. మానిటర్ అన్నారు, వీడియో కార్డు అన్నారు, రంగుల సెట్టింగు అన్నారు. మొదటిసారి అది రెండు కంప్యూటర్లలో ఎందుకు ఆగిందో, ఆ ఒక్క వరుస దగ్గరే ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. ఇన్నేళ్లయినా తెలియదు. తెలియనిదానికి దెయ్యమని పేరు పెట్టి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు.

ఆ రోజు షాపులో ఇంకో పని చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. పేజీని కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, పెయింట్‌లో తెరిచి, దాలమ్మ పేరు మీది ఎర్ర గీతను చుక్క మిగలకుండా చెరిపేశాను. పక్కన నీలం టిక్కు పెట్టి స్క్రిప్టు నడిపాను. ఎరుపు దొరికింది, తొలగించాను అని రాసింది. టిక్కు ఇంకా పెద్దది చేసి నడిపాను. మళ్లీ అదే. బయట ఎవరో జిరాక్సు కోసం షట్టరు కొడుతున్నారు. నేను లేవలేదు. వరుసంతా నీలంతో నింపేసి, మళ్లీ మొదటి నుంచి నడిపాను.