చేతి మాట చెల్లదన్నారు

పుట్టుకతో మాట, వినికిడి లేని ఆడమనిషి చెయ్యిని ఆమె బావ విరగ్గొట్టాడు. పోలీసులు కేసు రాయలేదు. నోటితో చెప్పలేదట, అందుకని.

ఆమె మా పక్కింటి మనిషి. ఆర్మూరు పసుపు గోదాముల్లో కొమ్ములు ఏరేది. మగడు దుబాయిలో. ఫోన్ వస్తే ఆమె వినలేదు కనుక, ఇంట్లో ఏం జరిగినా మగడి చెవిన పడేది అతని అన్న మాటే. ఆ అన్న తాగి కొడుతున్నాడని ఒకనాడు ఆమె గోడ అవతలి నుంచి నాకు సైగలతో చెప్తుంటే వాడు చూశాడు. ఆమె మాట్లాడేది కుడిచేత్తో. దాన్నే మణికట్టు దగ్గర విరిచాడు.

దవాఖానలో కట్టు కట్టించి స్టేషనుకు తీసుకుపోయాను. ఎడమచేత్తోనే అంతా చూపింది: మెలిపెట్టిన తీరు, వాడి మీసం, వాడి తాగుడు. ఎస్సై నవ్వాడు.

"గీ చేతులూపుడు నేనేమని రాయాలె పెద్దాయనా? నోటితోని చెప్పుమను."

నేను బడి ముఖం చూడలేదు. పొట్లాం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. మాట రాని సాక్షి సైగలతో చెప్పవచ్చునని చట్టంలోనే ఉందన్నాను.

"ఎప్పుడయినవే తాతా ప్లీడర్?" అన్నాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఆ బావ పసుపు దలాలి. మార్కెట్ యార్డు బయట గోదాముల దగ్గర బేరమంతా అప్పట్లో రుమాలు కిందనే. రైతు చెయ్యి, దలాలి చెయ్యి గుడ్డ కింద కలుస్తాయి; వేళ్లు నొక్కితే ధర తెలిసిపోతుంది. నోరు విప్పరు. ఆ వేళ్ల మాట మీదే లారీలు కదిలేవి.

మరునాడు వాడు ఒక కమ్మర్‌పల్లి రైతు చేతి మీద రుమాలు కప్పగానే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"నోటితోని చెప్పు బిడ్డా! చేతి మాట చెల్లదంట, పోలీసోళ్లే అన్నరు. మరదలు చెయ్యి విరగ్గొట్టినోనికి చేతులతోని బేరమెందుకురా?"

రైతు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాకొద్దు సేటూ! నా వేళ్లు గూడ విరుస్తవేమో!"

కొమ్ములు ఏరే ఆడవాళ్లు పగలబడి నవ్వారు. నాకు కడుపు నిండింది. రోజూ పోయాను, రోజూ అరిచాను. వాడి రుమాలు కిందికి ఒక్క చెయ్యీ రాలేదు.

చివరికి మా గుమ్మానికి వచ్చాడు. "ఇజ్జత్ పోతున్నది తాతా. కాళ్లు మొక్కుత, జర ఆపు."

"నా కాళ్లెందుకు? ఆమె ముందట నిలవడి, ఆమెకు సమజయ్యేటట్టు చెప్పు."

వాడికి చేతకాలేదు. ఒకే ఇంట్లో ఉండి ఆమె సైగ ఒక్కటీ నేర్వలేదు. తల వంచుకుని పోతుంటే జాలి పడలేదు నేను.

ఈలోగా రైతులందరూ ప్రతి దలాలినీ "నోటితోనే చెప్పు" అనడం మొదలుపెట్టారు. నలుగురిలో ధర బయటపడేసరికి సరుకు కొనే సేట్లకు మంట పుట్టింది. ఈ లొల్లి ఆపించమని వాళ్లే పోయి స్టేషన్‌లో కూర్చున్నారు. నన్ను పిలిపిస్తే పోయి, వాళ్ల ముందరే ఎస్సైని మళ్లీ అడిగాను: ఆమె మాట రాస్తరా, రాయరా?

ఈసారి నవ్వలేదు.

"ఆమెను తోల్కరా పెద్దాయనా. మూగ పిల్లల బడి టీచర్‌ను పిలిపిచ్చిన. ఆమె సైగలు జూసి టీచర్ ఎట్ల చెప్తే గట్లనే రాస్కుంట. వాణ్ని లోపల కూసోపెట్టిన."